మూడో ఫ్యూజు

2023, దసరా అయిన వారం. సిద్దిపేటలో నాకు ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. సామాను అమ్ముతాను, పిలిస్తే ఇళ్లకు వెళ్లి వైరింగూ చేస్తాను. మా బాపుది కిరాణం. మాటలకంటే ముందు బేరం నేర్చుకున్నానని ఇంట్లో ఎగతాళి చేసేవారు. గిరాకీ ముఖం చూసి ఎంత తగ్గాలో చెప్పగలనని నాకు కాస్త గర్వం.

కోమటి చెరువు వైపు ఉండే నా పాత గిరాకీ రమేశ్ తల్లి లచ్చవ్వ ఆ వారం దుకాణానికి వచ్చింది. ఫ్యూజుల పెట్టె మార్చాలి, వచ్చి చూడమంది. ధర అడగలేదు. ధర అడగని గిరాకీ అంటే నాకు అనుమానం. తర్వాత గట్టిగా బేరమాడుతుందనుకుని, తగ్గించడానికి వీలుగా ధర కొంత పెంచి మనసులో పెట్టుకుని బయలుదేరాను.

ఇంట్లో రమేశ్ అడ్డుపడ్డాడు. ఎండాకాలంలో ఏసీ పెట్టించాక ఫ్యూజు మాటిమాటికీ పోయేదట.

"నువ్విచ్చిన లావు తీగ సుట్టినంక ఒక్కపారి గూడ పోలేదన్నా. అవ్వకు ఊకెనే భయం."

నిజమే. సన్న ఫ్యూజు తీగ అడగవచ్చిన మనిషి చేతిలో లావు రాగి తీగ పెట్టి, ఇక పోదని భరోసా ఇచ్చింది నేనే. గిరాకీ మళ్లీ ఫిర్యాదుతో రాకుండా మాలో చాలామంది చేసే పనే అది.

లచ్చవ్వ నన్ను బోర్డు దగ్గరికి తీసుకెళ్లి జరిగింది చెప్పింది. పండగనాడు కత్తిపీటకు, కుట్టుమిషనుకు పెట్టినట్టే మూడు పింగాణీ ఫ్యూజులకూ గంధం బొట్లు పెట్టిందట. రెండింటి మీద తడి అలాగే ఉంది. మూడోదాని మీద, కుంకుమ అద్దేలోపే గంధం ఎండి పెచ్చులూడింది. ఎవరికీ చెప్పకుండా ఆ తర్వాత నాలుగు రోజులు గంధం పెట్టి చూసింది.

"ఏసీ ఏసిననాడు జెప్పన ఎండుతది. బంద్ వెట్టిననాడు ఎండది. గా గోడ అవుతల నా మనుమరాలు పంటది బిడ్డా."

జేబులో టెస్టర్ పెట్టుకుని ఇన్నేళ్లుగా ఇలాంటి బోర్డుల ముందు నిలబడ్డాను. ఇలా చూడాలని నాకు ఒక్కనాడూ తోచలేదు.

మెయిన్ ఆపి బోర్డు విప్పాను. వెనక చెక్క, వైరు పోయిన దారి పొడవునా బొగ్గయింది. వేలు తగిలితే రాలింది. వైరు తొడుగు అప్పడంలా విరిగింది. రమేశ్ ఆ బొగ్గు ముక్కను అరచేతిలో పెట్టుకుని గోడ అవతలి గది వైపు చూశాడు.

"పోతలేదు, మంచిగున్నదని మీరన్నరు," అంది లచ్చవ్వ. "పోవుడే గదా దాని పని."

పెంచి పెట్టుకున్న ధర నోట రాలేదు. అసలు ధర చెప్పాను. ఆమె అందులోనూ తగ్గించింది.

కొత్త వైర్లు లాగి డీబీ, అంటే స్విచ్‌ల పెట్టె, బిగించాను. అందులో ఎంసీబీలనే స్విచ్‌లు లోడు మించితే వాటంతటవే పడి కరెంటు ఆపుతాయి. ఆర్‌సీసీబీ అనేది కరెంటు లీకైతే క్షణంలో ఆపేస్తుంది. ఏసీకి వేరే లైను ఇచ్చాను. మూడో రోజు రమేశ్ ఫోన్ చేశాడు. గీజర్, మోటారు, ఇస్త్రీపెట్టె ఒకేసారి వేస్తే స్విచ్ పడిందట. వెనక నుంచి లచ్చవ్వ గొంతు వినిపించింది, "పడనియ్యి, కావలి కాస్తున్నది" అని.

ఇప్పుడు ఎవరైనా లావు తీగ అడిగితే, ఇంట్లో కొత్తగా ఏం కొన్నారని అడుగుతాను. ఫ్యూజు తరచూ పోతున్నా, వేడెక్కుతున్నా, కాలిన వాసన వచ్చినా పెట్టె మార్చే వేళయిందని చెబుతాను. కొందరు విసుక్కుని పక్క దుకాణానికి నడుస్తారు. గల్లా వదిలి వాళ్ల వెనకే వెళ్తాను, ఆ లావు తీగ కొనొద్దని బతిమాలడానికి.