కాలవలో నానబెట్టిన చక్రం

యోహాను కాలు పోయింది నా వల్ల. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. ఇంతకాలం గుండెల మీద బండలా ఉన్నదాన్ని మీ ముందు దించుకుంటున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లతో చెప్పే ధైర్యమే ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణి.

ఉప్పు సత్యాగ్రహం సద్దుమణిగిన రోజులు. ఏలూరులో నాకు మోటారు షెడ్డు ఉండేది. మిషన్ కాంపౌండులో దొర వదిలి వెళ్లిన పాత కారు మూడేళ్లుగా రేకుల కింద పడి ఉంది. కొత్తగా వచ్చిన డాక్టరమ్మగారికి కొల్లేరు పల్లెలు తిరగడానికి అది కావలసి వచ్చింది. వారంలో నడిపిస్తానని నలుగురి ముందూ గొప్పలు పోయాను.

చెయ్యవలసినవన్నీ చేశాను. పాత పెట్రోలు పారబోసి ట్యాంకు కడిగాను. ఎలకలు కొరికిన వైర్లు మార్చాను. బ్రేకులు విప్పి సరిచేశాను, కొత్త టైర్లు వేశాను. మిగిలింది ఒక్క చక్రం. ఆ కారు చక్రాలకు ఎడ్లబండికి ఉన్నట్టే చువ్వల్లాంటి చెక్క ఆకులుండేవి. మూడు వేసవులకు ఎండిపోయి ముందు కుడి చక్రంలో ఆకులు వదులయ్యాయి. కదిపితే టకటకమంటోంది.

కొత్త ఆకులు చెక్కాలి. అంత బాగా చెక్కేవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే, తాడేపల్లిగూడెంలో మా అన్నయ్య. మాది బండిచక్రాలు చేసే ఇల్లు. ఎడ్లతోపాటే నీ పనీ పోతుందని అన్నయ్యను ఎగతాళి చేసి మోటార్లలోకి వచ్చినవాణ్ణి నేను. ఇప్పుడు చక్రం మోసుకుంటూ ఆయన గుమ్మం ఎక్కడమా? వదులైన బండిచక్రాన్ని మా నాన్న నీళ్లలో పడేసేవాడు. చెక్క ఉబ్బి బిగుసుకునేది. నేనూ ఆ చక్రాన్ని ఒక పగలూ రాత్రీ కాలవలో నానబెట్టాను. టకటక ఆగిపోయింది. నాలుగు రోజుల ఎండకు మళ్లీ వదులవుతుందని నాకు తెలుసు. ఎద్దు నడకకు చాలిన బిగువు మోటారు వేగానికి చాలదనీ తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇన్నేళ్లు నన్నిలా తినేదా?

డ్రైవరు యోహాను నెమ్మదస్తుడు. కారు తీసుకోవడానికి వచ్చి నాలుగు చక్రాలూ చేత్తో ఊపి చూశాడు.

“చెక్క చక్రాలంటే నాకు భయమండీ. అన్నీ గట్టిగానే ఉన్నాయాండీ?”

“చక్రాలు చేసే ఇంట్లో పుట్టినోణ్ణి. నాకు చెబుతావేంటయ్యా?”

“అబ్బే, తమరు చూశాక ఇంకేముందండీ” అని నవ్వి, ఎక్కి కూర్చున్నాడు.

ఆరో రోజున డాక్టరమ్మగారిని కైకలూరులో దింపి ఒక్కడే తిరిగి వస్తున్నాడు. చక్రం విరిగింది. కారు గట్టు మీంచి బోల్తా పడింది. యోహాను కాలు నుజ్జయితే మోకాలి పైదాకా తీసేశారు.

కాంపౌండు పెద్దలు నన్ను పిలిచి అడిగారు. “స్పీడుగా తోలి ఉంటాడండీ” అన్నాను. ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. విరిగిన ఆకులు నేనే ఏరుకొచ్చి ఇంట్లో పొయ్యిలో పెట్టాను. బాగా ఎండిన చెక్క, చప్పున అంటుకుంది.

యోహాను ఉద్యోగం పోయింది. చంకన కర్ర పెట్టుకుని, తుంగ చాపలు అల్లుకుని బతికాడు. ఎదురుపడితే తనే ముందు దండం పెట్టేవాడు. నేను బజారుకు వేరే దారిన వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

పోయిన నెల యోహాను చనిపోయాడు. సమాధి దగ్గర అతని భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

“మేస్త్రీగారు చూసిన బండిలో తప్పుండదు, నేనే జోరుగా తోలేశానేమో, నాకే గుర్తు లేదేమో అనేవోరండీ. పోయేదాకా అదే మాటండీ.”

నా అబద్ధాన్ని ఊరు నమ్మిందని తెలుసు. యోహాను కూడా నమ్మాడని ఆ రోజే తెలిసింది. అప్పుడైనా ఆమెతో నిజం చెప్పానా? చేతులు విడిపించుకుని ఇంటికి వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? యోహాను స్పీడుగా తోలలేదు. ఆ మాట ఇప్పటికి ఒక్కసారి రాయగలిగాను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.