నాలుగు సీసాల మీద నిలువు గీత

ఇరవై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోటితో చెప్పిన అబద్ధం కాదు, నోరు మూసుకుని నిలబెట్టిన అబద్ధం. అలాంటివే ఎక్కువ బరువని ఆలస్యంగా తెలిసింది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ముందే ఒక మాట. జాలిపడమని రాయడం లేదు. నేను చేసిన పనిలో సగం, అవకాశం వస్తే మళ్లీ చేస్తాను. మిగతా సగం నా తప్పు. ఇన్నాళ్లూ మొదటి సగాన్ని చూపించి రెండో సగాన్ని నాకు నేనే కప్పిపుచ్చుకున్నాను.

రెండు వేల దశకం మధ్యలో కర్నూల్లో పరిశోధన చేసేదాన్ని. మట్టిలో బతికే బ్యాక్టీరియా నా పని. పురుగుమందులు పడి పాడైన నేలల్లో కొన్ని సూక్ష్మజీవులు ఆ మందునే తిని బతకడం నేర్చుకుంటాయి. అలాంటిదాన్ని పట్టుకోవాలి, దాని చేత ఆ పని చేయించే జన్యువు ఎక్కడుందో కనుక్కోవాలి. ఐదేళ్లు నాకు అదే లోకం.

అది మాకు చెన్నమ్మ పొలంలో దొరికింది. నందికొట్కూరు దగ్గర పల్లె ఆమెది. పొలం పక్కన ఒకప్పుడు వేరుశనగ మీద చల్లే పొడి మందు కలిపి సంచులకెత్తే షెడ్డు ఉండేది. అది మూతపడింది. యజమాని ఎటో పోయాడు. మిగిలిన మందంతా వానలకు కొట్టుకొచ్చి చెన్నమ్మ చేను పల్లంలో అర ఎకరం మీద పేరుకుంది. అక్కడ గడ్డి కూడా మొలిచేది కాదు. భర్త పోయాక సేద్యమంతా ఆమె ఒక్కతే చూసుకునేది. మా గైడు, నేను, మక్బూల్ ముగ్గురం వెళ్లాం. గైడును మేం సారు అనేవాళ్లం. మక్బూల్ మా ల్యాబ్ అసిస్టెంటు, కల్లూరు మనిషి, నాకంటే రెండేళ్లు చిన్న, పని చేస్తూనే చదువుకునేవాడు.

మేం మట్టి తవ్వబోతుంటే చెన్నమ్మ కొంగు నడుముకు దోపుకుని ఎదురుగా నిలబడింది.

"మట్టి ఎత్తకపోతాండారు, సరే. మా నేలను బాగు చేస్తారా సారూ?"

"చేస్తామమ్మా. మందును తినే జీవి దొరికితే మొదట నీ చేన్లోనే వదులుతాం," అన్నాడు సారు.

ఆమె పక్కకు జరిగింది. జరగడమే కాదు, మక్బూల్ చేతిలోని పార తీసుకుని తనే తవ్విచ్చింది.

ఏడాది పైగా పట్టింది. ఆ మందు విరిగితే నీళ్లు పసుపురంగుకు తిరుగుతాయి. మా గాజు ఫ్లాస్కులో మొదటిసారి పసుపు కనబడ్డ రోజున మక్బూల్ ల్యాబంతా వినబడేలా "అక్కా, మన చేను పండె!" అని అరిచాడు. అది అతని పంట కూడా. పొద్దున్నే వచ్చి ఆ బ్యాక్టీరియాను కొత్త ద్రావణంలోకి మార్చి, పురుగుమందు కొలిచి వేసి, రిజిస్టరులో రాసి సంతకం పెట్టేది అతనే.

మందు కొలిచి వేయడం ఎందుకంటే, మందును విరిచే జన్యువు ఆ బ్యాక్టీరియాలో ఉంగరంలా చుట్టుకున్న ఒక విడి డీఎన్‌ఏ ముక్క మీద ఉండేది. ప్లాస్మిడ్ అంటాం. మందు ఉన్నన్నాళ్లు ఆ ఉంగరాన్ని అది జాగ్రత్తగా మోస్తుంది. మందు లేకుండా మంచి తిండి పెట్టి పెంచామా, కొన్ని తరాల్లో ఆ బరువు ఎందుకని వదిలేస్తుంది. చూడ్డానికి అదే జీవి. మందు మాత్రం విరవలేదు. నీళ్లు తెల్లగానే ఉండిపోతాయి. జన్యువు ఉంగరం మీదే ఉందని రుజువు చేయడానికి నేను కావాలనే కాస్త వేడిలో పెంచి, ఉంగరం పోయిన రకాన్ని తయారుచేశాను. పని ముగిశాక ఫ్లాస్కులు ఆపేసి అన్నీ ఫ్రీజర్లో దాచాం. మక్బూల్ పెంచిన అసలువి నాలుగు సీసాలు, మూతల మీద కూడిక గుర్తు. ఉంగరం పోయినవి నాలుగు, మూతల మీద తీసివేత గుర్తు.

ఇంతలో ఒక కంపెనీ వచ్చింది. ఆ జీవిని తమకు ఇచ్చేస్తే పొడి చేసి అమ్ముతామంది. సారు ఒప్పుకున్నాడు. ఇక అది కంపెనీ అనుమతి లేకుండా ఏ నేలలోనూ పడకూడదు. కాగితాల్లో మట్టి ఎక్కడిదన్న చోట 'ప్రయోగశాల సేకరణ' అని ఉంది. ఊరి పేరు లేదు. మనిషి పేరు అసలే లేదు.

"చెన్నమ్మకు మాట ఇచ్చారు కదా సార్?" అని అడిగాను.

ఆయన తలెత్తలేదు. "ఏ చెన్నమ్మ?" అన్నాడు.

నిజంగానే మరిచిపోయాడా? మరిచిపోయినట్టు నటించాడా? ఏదైతేనేం, నాకు ఆ ఒక్క మాట చాలింది.

సీసాలు కంపెనీకి పోయే ముందటి శుక్రవారం మధ్యాహ్నం. మక్బూల్ నమాజుకు పోతూ ఫ్రీజరు తాళంచెవి నా బల్ల మీద పెట్టిపోయాడు. ఎప్పుడూ అలాగే పెట్టేవాడు. తీసివేత గుర్తును కూడిక గుర్తు చేయడానికి ఒక నిలువు గీత చాలు. నాలుగు సీసాల మీద నాలుగు గీతలు గీశాను. తీసివేత సీసాలు నా ఒక్కదాని ప్రయోగానివి, లేవని ఎవరూ వెతకరు. అసలు సీసాలను మంచు నింపిన టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. చెయ్యి వణకలేదు. వణికిందని రాస్తే మీకు నామీద కాస్త మంచి అభిప్రాయం కలుగుతుందేమో, కానీ వణకలేదు.

ఇది దొంగతనం. ఒప్పుకుంటున్నాను. సారుకు మాత్రం క్షమాపణ చెప్పను. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఆ జీవి చెన్నమ్మ మట్టిలో పుట్టింది, దానికోసం ఆమె స్వయంగా పార పట్టింది. ఆమె పేరే గుర్తులేని మనిషికి దాన్ని అమ్ముకునే హక్కు ఎక్కడిది?

ఇక్కడిదాకా నేను తలెత్తుకుని చెప్పగలను.

కంపెనీవాళ్లు పరీక్షించారు. పసుపు రాలేదు. మిగతా సీసాలు తెరిచారు. రాలేదు. నేనెప్పుడో ఆలోచించి ఉండాల్సింది, అప్పుడు ఎవరిని అడుగుతారని. రిజిస్టరు తీశారు. ప్రతి పేజీ కింద మక్బూల్ సంతకం. మందు వేయకుండా పెంచాడు, ఉంగరం పోయింది, అంతే అని తేల్చారు. అందరూ నమ్మారు, ఎందుకంటే అలా నిజంగానే జరుగుతుంది. సారు ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. మరుసటి నెల నుంచి రావద్దన్నాడు.

అతను వెళ్లే ముందు నా దగ్గరికి వచ్చాడు. నన్ను అనుమానించి వచ్చాడనుకున్నాను. కాదు.

"అక్కా, నీ ఐదేండ్ల కష్టం నేనే నాశనం చేస్తి," అన్నాడు. "మందు ఎయ్యడం ఎప్పుడు మర్సిపోయినానో శానా ఆలోచన చేస్తాండా, గుర్తుకే రాల్యా. ఏసినట్టే ఉండాది. కానీ ఏసింటే ఇట్లెందుకైతాది? నన్ను తిట్టక్కా."

నేనేమన్నానో రాయాలి. దీన్ని రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

"పోనీలే మక్బూల్, అందరికీ జరుగుతుంది," అన్నాను.

అతను చేయని తప్పుకు నేను అతన్ని క్షమించాను. పెద్ద మనసుతో. అతను కళ్లు తుడుచుకుని దండం పెట్టి పోయాడు.

ఎందుకు చెప్పలేదు? చెబితే నా డిగ్రీ పోయేది, ఆ సీసాలూ పోయేవి, చెన్నమ్మకిచ్చిన మాటా పోయేది. ఇలా చాలాసార్లు చెప్పుకున్నాను. అందులో మొదటిదే నిజం, మిగతా రెండూ దానికి తోడు తెచ్చుకున్నవి.

కొన్నాళ్లకు డిగ్రీ చేతికొచ్చింది, ఇంటి ఫ్రిజ్‌లో దాచిన సీసాలతో కడపలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. ఆ ల్యాబులోనే బ్యాక్టీరియాను పెంచి, ప్లాస్టిక్ క్యాన్లలో నింపుకుని బస్సెక్కి నందికొట్కూరుకు మోశాను. చెన్నమ్మ పశువుల ఎరువు తెచ్చింది. ఇద్దరం కలిపి చల్లాం, నేల తడి ఆరకుండా పొద్దుటిపూట ఆమె బిందెలతో నీళ్లు పోసింది. అలా నాలుగుసార్లు వెళ్లాను. ఆమె ఎందుకని అడగలేదు. సారు మాట ప్రకారమే వచ్చాననుకుంది. ఆ జీవిని మళ్లీ పట్టడానికి మట్టి కావాలని సారు పంపిన మనుషులను మాత్రం గట్టు మీది నుంచే తిప్పి పంపింది. "నా చేన్లో పని జరుగుతాండాది, ఎవురూ దిగొద్దండి," అందట. ఆమెకు ఆ మాట నేను నేర్పలేదు.

రెండో వానాకాలానికి ఆ అర ఎకరంలో ఒక అంచున వేరుశనగ, ఆ ఊరి మాటలో బుడ్డలు, మొలిచింది. అంతా కాదు, ఒక అంచున. చెన్నమ్మ వంగి ఒక్కొక్క మొలకనూ తడిమింది. "బుడ్డలు లేసినాయమ్మా," అంది. నేనూ వంగి చూశాను. అది నా బ్యాక్టీరియా పనా, ఎరువు పనా, నీళ్ల పనా? పోల్చి చూడ్డానికి ఏమీ చల్లని నేల ముక్క ఒకటి పక్కన వదలాలి. నేను వదల్లేదు. ఆమె నేలలో ఏ మూలనూ వదిలేయడానికి మనసొప్పలేదు. కాబట్టి నాకు తెలియదు. ఒక మనిషి బతుకును పెట్టి కొన్న ఫలితం, నేను రుజువు చేయలేనిది.

తర్వాతి ఎండాకాలం కరెంటు కోతలకు కాలేజీ ఫ్రిజ్‌లోని సీసాల్లో బ్యాక్టీరియా అంతా చనిపోయింది. కంపెనీ చేతిలో పడి ఉంటే ఆ జీవి ఎన్ని పొలాలకు చేరేదో. చేరేదా? కొనగలిగినవాళ్లకు చేరేది. ఈ వాదన నాతో నేను చాలాసార్లు చేశాను. ఒక రోజు గెలుస్తాను, ఒక రోజు ఓడిపోతాను.

మొన్నామధ్య ఒక విద్యార్థి పెళ్లికని కమలాపురం వెళ్లాను. పందిట్లో మక్బూల్ ఎదురయ్యాడు. అత్తగారి ఊరట, అక్కడే చెప్పుల దుకాణం పెట్టుకున్నాడట. చదువు మళ్లీ ఎత్తుకోలేదు. నన్ను చూసి నిజంగా సంతోషించాడు. భార్యను పరిచయం చేశాడు. ఆమె నవ్వుతూ అంది: "ఈయనకు శానా అనుమానం మేడమ్. దుకాణానికి తాళమేసి ఇంటికొచ్చినాక మళ్లీ పోయి సూసొస్తాడు. రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు. తన చెయ్యి మీద తనకే నమ్మకం ల్యా."

అతనూ నవ్వాడు. నేనూ నవ్వాను.

నేను అతని నుంచి తీసుకున్నది ఉద్యోగం ఒక్కటే అనుకున్నాను అన్నాళ్లూ.

పోయిన వారం ఫోన్ చేశాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేకపోయింది. మొత్తం చెప్పాను, శుక్రవారం, తాళంచెవి, గీతలు, అన్నీ. క్షమించమని అడగలేదు. అడిగితే మళ్లీ అతనే నాకేదో ఇవ్వాల్సి వస్తుంది. ఇరవై ఏళ్లకు సరిపడా ఇచ్చేశాడు.

అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు:

"అంటే... నేను మందు ఏసినా కదా?"

"వేశావు మక్బూల్. ప్రతిసారీ వేశావు."

ఫోన్ పెట్టేశాడు. ఈసారి అక్కా అనలేదు. మళ్లీ చేయలేదు, చేస్తాడని నేను ఎదురుచూడటమూ లేదు. ఆ రోజు లేచి పొయ్యి వెలిగించి అన్నం వండుకుని కడుపునిండా తిన్నాను. హాయిగా ఉంది. అందుకు సిగ్గుపడాలేమో. పడటం లేదు.