మామ బోటులో ఖర్చైన కరెంటు

దయ్యాలు ఉన్నాయా లేవా అని నేను ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. వాదించేంత విలువ కూడా వాటికి ఇవ్వలేదు. నాకు వనపర్తిలో చిన్న షాపు ఉంది. బోరు మోటార్లు, స్టార్టర్లు బాగు చేస్తాను, సోలార్ పలకలు బిగిస్తాను. పొలంలో మోటారు దానంతట అదే నడుస్తోందని, ఎవరో ఏదో చేయించారని భయపడుతూ వచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో. వెళ్లి స్టార్టరు డబ్బా తెరిస్తే లోపల మాడిపోయిన బల్లి ఉండేది. దాన్ని కాగితంలో పెట్టి చేతికిచ్చి, ఇదిగో మీ దయ్యం, దండం పెట్టుకోండి అని వచ్చేసేవాణ్ని.

ఇప్పుడు నేను చెప్పేది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. వాళ్ల స్థానంలో నేనుంటే అదే పని చేసేవాణ్ని.

బాలస్వామి మామ మా అమ్మకు సొంత తమ్ముడు. కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డున వాళ్ల ఊరు. చిన్నప్పుడు చేపలు పట్టాడు. పెళ్లయ్యాక అందరిలాగే కూలికి వలస పోయి, ఏళ్లకేళ్లు సొరంగాల్లో, కంకర మిషిన్ల దగ్గర పని చేశాడు. తిరిగొచ్చేసరికి రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. పట్నం దవాఖానలో అది నయమయ్యేది కాదని చెప్పేశారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషిన్ ఒకటి ఉంటుంది. దాని ట్యూబు ముక్కుకు పెట్టుకుని రాత్రీపగలూ ఉండాలన్నారు. ఒక సేవాసంస్థ వాళ్లు ఆ మిషిన్‌ను వాడుకోవడానికి ఇచ్చారు, అవసరం తీరాక తిరిగివ్వాలనే మాట మీద.

మిషిన్ వచ్చింది సరే, ఊళ్లో కరెంటు సంగతి మనకు తెలిసిందే. జరంత గాలి వీస్తే లైను పోతుంది. పోయిన ప్రతిసారీ చెన్నమ్మత్త, అంటే మామ భార్య, పక్కన ఉంచిన ఆక్సిజన్ సిలిండరు తిప్పడానికి ఉరుకుతుంది. దానికి తోడు ఇంటి ముందు నుంచే కంకర లారీలు. ఇరవై ఏళ్లు ఏ దుమ్ము తిని వచ్చాడో ఆ దుమ్మే గడపలోకి వచ్చేది.

అప్పుడు మామకు బోటు ఆలోచన వచ్చింది. ఒకప్పుడు జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించిన పాత ఇనుప బోటు ఒకటి వాడకం లేక ఒడ్డున పడి ఉంది. పైన రేకుల కప్పు ఉంది. దాన్ని నీళ్లలోకి దించి అందులోనే ఉంటానన్నాడు. ఊళ్లోవాళ్లు మతి పోయిందన్నారు. నేనూ అదే అన్నాను. ఊళ్లో ఉన్న కరెంటే చాలని చోట, అసలు కరెంటే లేని నీళ్ల మీద ఎట్లా బతుకుతావని కోప్పడ్డాను.

మామ నా కోపాన్ని పట్టించుకోలేదు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ అన్నాడు. "నీళ్ల మీద దుమ్ము లేదు అల్లుడా. కరెంటు నువ్వు జేసియ్యి. గంతే నేనడిగేది."

ఎవరు సోలార్ పెట్టించుకున్నా నేను ముందు అడిగేది ఏమేం నడుస్తాయి, ఎంతసేపు నడుస్తాయి అని. అందరూ తక్కువ చెప్తారు. టీవీ చెప్తారు, మిక్సీ దాస్తారు. మామ దగ్గర దాచడానికి ఏమీ లేదు. ఒక లైటు, ఒక ఫ్యాను, ఫోను, ఆ మిషిన్. కానీ ఆ మిషిన్ ఒక్కటే నాలుగు ఫ్యాన్లకు పైగా కరెంటు తాగుతుంది. అదీ ఆగకుండా. పగలంతా ఎండలో అది నడవాలి, రాత్రికి సరిపడా బ్యాటరీ నిండాలి, ముసురు పట్టిన రోజు కూడా ఆగకూడదు. నా షాపులో ఇంతకంటే పెద్ద పనులు చేశాను గానీ, లెక్క తప్పితే మనిషి పోయే పని అదొక్కటే.

మిద్దె మీదైతే పలకలను దక్షిణం వైపు వంచి బిగిస్తాం. బోటు గాలికి తిరుగుతూ ఉంటుంది, దానికి దక్షిణం ఎక్కడిది. అందుకే కప్పు మీద పడుకోబెట్టి బిగించాను. బరువంతా ఒక పక్కకు వాలకుండా బ్యాటరీలను నడిమధ్యలో, అడుగుకు తగలని ఎత్తులో పెట్టాను. ఇనుప బోటు కాబట్టి కరెంటు కొంచెం లీకైనా దానంతట అదే పడిపోయే స్విచ్చు వేశాను. అత్త మాత్రం ప్లగ్గు దగ్గర స్విచ్చును ఎప్పుడూ వేసే ఉంచేది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక బోరు మోటారు స్విచ్చు వేసి వదిలేసి బతికిన మనుషులం కదా. ఇక్కడ కరెంటు పోదత్తా, అది నీ నెత్తి మీదే ఉంది అంటే నవ్వేది గానీ అలవాటు మానలేదు.

మామ ఆ బోటులో ఒక వానాకాలం, ఒక చలికాలం దాటాడు. ముసురు రోజుల్లో గంటకోసారి ఫోన్ చేసేవాణ్ని. ఒక్క రోజు కూడా మిషిన్ ఆగలేదు. మామ ముఖం కాస్త తేటపడింది కూడా. కూర్చునే వల అల్లేవాడు. ఒడ్డున గుడిసెల్లో ఉండే యాదయ్య అనే చేపలాయన రోజూ పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, వచ్చి కబుర్లు చెప్పి పోయేవాడు.

ఎండలు ముదురుతుండగా మామ చనిపోయాడు. పట్టపగలు, బ్యాటరీ నిండా ఉండగా, మిషిన్ నడుస్తుండగానే. కరెంటు తక్కువై కాదు, లోపల గాలి నిలిచే చోటే మిగలక. ఆ మాట నాకు ఊరటే. అయినా నేను పసివాడిలా ఏడ్చాను.

పిట్టకు పెట్టే రోజు, అంటే పోయిన మనిషి పేరున కాకులకు ముద్ద పెట్టే రోజు, ఒడ్డున అన్నం, చేపల కూర, కల్లు పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకులు వచ్చి చుట్టూ తిరిగాయి గానీ ముట్టలేదు. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని మా దగ్గర నమ్మకం. ఆ కోరిక ఏదో కనిపెట్టి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. ఒకరు బోటును ఎన్నడూ అమ్మబోమన్నారు, ఒకరు వలలు యాదయ్యకే ఇస్తామన్నారు. కాకి కదల్లేదు. చివరికి అత్త ముందుకు వచ్చి, నీ కరెంటు ఎన్నడూ బందు చెయ్యను అంది. వెంటనే ఒక కాకి దిగి ముద్ద ఎత్తుకుపోయింది. ఆకలేస్తే కాకి ఏ మాటకైనా దిగుతుందని నేను మనసులో అనుకున్నాను.

కొన్నాళ్లకు మిషిన్ తిరిగివ్వమని సంస్థవాళ్లు కబురు పెట్టారు. అచ్చంపేటలో ఒక పెద్దామె దానికోసం ఎదురుచూస్తోంది. నేనే తీసుకెళ్లి, వాళ్లింట్లో బిగించి, ఆమె ముక్కుకు ట్యూబు పెట్టి నడిపించి వచ్చాను. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆ తర్వాత జరిగినప్పుడు ఆ మిషిన్ బోటులో లేదు. అది నా చేతుల మీదుగానే పోయింది.

అత్త బోటు దిగలేదు. నాలుగు రోజులు ఉండి వస్తుందిలే అని ఊరుకున్నాం. ఒకరోజు ఆమే ఫోన్ చేసి, తెల్లారకముందే లైటు, ఫ్యాను ఆగిపోతున్నాయని చెప్పింది. నేను నమ్మలేదు. అంత పెద్ద మిషిన్ కోసం పెట్టిన బ్యాటరీ అది. ఒక లైటు, ఒక ఫ్యాను వాడితే వారం రోజులు ఎండ లేకపోయినా నిలవాలి. ఎవరో దొంగతనంగా కొండీ వేసి కరెంటు లాగుతున్నారనుకున్నాను. పుట్టిలో తీసుకెళ్తున్నప్పుడు ఆ మాట యాదయ్యతో అంటే ఆయనకు రోషం వచ్చి బోటు చేరేదాకా మాట్లాడలేదు.

పొద్దున ఎండ బాగా ఉంది. బోటెక్కి ముందు ఇన్వర్టరు మీద లోడ్ చూశాను. ఆరొందల వాట్లు దాటి ఉంది, మిషిన్ నడిచిన రోజుల్లో కంటే దాదాపు రెట్టింపు. లైటు ఆర్పి ఉంది. ఫ్యాను ఆపాను, ఫోన్ తీయించాను. అంకె పెద్దగా మారలేదు.

ఒక్కో వైరుకూ టాంగ్ టెస్టర్ తగిలించి చూశాను. వైరును కోయకుండా, అందులో ఎంత కరెంటు పోతుందో చూపించే పరికరం అది. ఫ్యాను వైరులో లేదు, లైటు వైరులో లేదు. మామ మంచం పక్కనున్న ప్లగ్గుకు పోయే వైరులో ఉంది. ప్లగ్గు ఖాళీ. స్విచ్చు మాత్రం వేసి ఉంది.

ప్లగ్గు విప్పి లోపల చూశాను. తడి లేదు, మసి లేదు, బల్లి లేదు. రెండు వైర్లనూ బయటికి లాగి, దూరంగా విడదీసి గాలిలో పట్టుకున్నాను. అయినా కరెంటు పోతూనే ఉంది. కొసలు దేనికీ తగలని వైరులో కరెంటు పారదు. ఇది నా అభిప్రాయం కాదు, ఐటీఐ మొదటి సంవత్సరం పిల్లవాడికి కూడా తెలిసిన సంగతి. నా టెస్టరు చెడిందనుకుని సంచిలోని రెండోది తీశాను. అదీ అంతే చూపించింది. రెండూ చెడిపోయాయనుకుందామన్నా, బ్యాటరీ నిజంగానే ఖాళీ అవుతోంది కదా. యాదయ్యను పిలిచి అంకె చదవమన్నాను. ఆయనకూ అదే కనిపించింది.

ఆ అంకె ఒక చోట నిలవడం లేదు. కొంచెం పెరిగి, ఒక్క క్షణం ఆగి, తగ్గుతోంది. మళ్లీ పెరుగుతోంది. ఆ మిషిన్ బిగించిన కొత్తలో నేను రోజంతా దాని పక్కన కూర్చుని లోడ్ చూశాను. ఆ నడక నాకు తెలుసు. ఇది అదే నడక.

అత్త మంచం మీదే కూర్చుని ఉంది. నా కంగారు చూసి కూడా ఆమె ఆశ్చర్యపోలేదు. ఆమె ఫోన్ చేసింది భయపడి కాదని, లైటు కోసమూ కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఆయనకు కరెంటు తెల్లారేదాకా చాలడం లేదని, ఇంకో బ్యాటరీ పెట్టించాలని చేసింది.

ఎటు పోతుందో తెలియని కరెంటును ఇనుప బోటులో వదిలి, మనిషిని అందులో ఉంచి నేను రాలేను. మెయిన్ దించడానికి చెయ్యి ఎత్తాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"బందు జేయకు. మాటిచ్చిన."

నాకు తోచినట్టు చెప్పాను. మామ పోయాడని, మిషిన్ అచ్చంపేటలో ఉందని, ఆయనకు ఇక గాలి అక్కర్లేదని. నేను ఎంత మెల్లగా చెప్పినా ఆమె చేయి వదల్లేదు. ఇది నీకు ప్రమాదమంటే, అయితే కానియ్యి అంది. చివరికి నా తెలివి అయిపోయి, ఆయన అడిగాడా అత్తా నిన్ను, కరెంటు ఆపొద్దని, అన్నాను.

 ఆమె పట్టు వదులైంది.

"అడగలే," అంది. "ఆఖరి వారమంత ట్యూబు తీసెయ్యమని సైగ జేసిండు. పానం ఇసిగింది, ఇంక సాలు అన్నట్టు. రోజు జేసిండు. నేను సూడనట్టే ఉన్న. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంట."

కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పిట్టకు జెప్పింది ఆయన కోరిక కాదు అల్లుడా. నాది."

 యాదయ్య అవతలి వైపుకు తిరిగి నిలబడ్డాడు. అత్త లేచింది. ప్లగ్గు దగ్గరి స్విచ్చు కాదు, మెయిన్ ఏ స్విచ్చో నన్ను అడిగి, వేలితో తానే దించింది. దించుతూ ఏదో అంది. నాకు వినపడలేదు, నాకోసం అన్నది కాదు.

ఇన్వర్టరు ఆగింది. కాసేపయ్యాక నేను మళ్లీ మెయిన్ ఎత్తి ప్లగ్గు వైరుకు టెస్టరు తగిలించాను. సున్నా. ఫ్యాను వేస్తే ఫ్యాను లోడ్, లైటు వేస్తే లైటు లోడ్. అంతకు మించి ఏమీ లేదు. ఆ సాయంత్రానికి బ్యాటరీ నిండింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా నిండుగానే ఉంది. నేను మార్చింది ఏమీ లేదు, ఒక్క స్క్రూ కూడా.

అప్పటి నుంచి దీన్ని చాలా రకాలుగా ఆలోచించాను. ఇన్వర్టరు లోపం అనుకున్నాను, విప్పి చూశాను, లేదు. బోటు ఇనుములోకి కరెంటు లీకవుతోందనుకున్నాను. లీకే ఉంటే నేను వేసిన స్విచ్చు పడిపోవాలి, పడలేదు. తోటి పనివాళ్లను అడిగితే నువ్వే సరిగా చూసి ఉండవన్నారు. నేనూ వాళ్లతో అదే అనేవాణ్ని. అన్ని రోజులు అంత కరెంటు ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు అత్తను నాతోపాటే ఊరికి తీసుకొచ్చాను. పుట్టి బోటును విడిచి కొంత దూరం వచ్చాక ఆమె వెనక్కి చూడకుండానే అడిగింది.

"నేను బందు జేసినప్పుడు ఆయనకు ఊపిరాడకుంట కాలేదు గద?"

బల్లులను చూపించి జనాన్ని వెక్కిరించిన మనిషిని నేను. అలాంటి ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండకూడదు. కానీ ఆమె చేయి పట్టుకుని, నాకు బాగా తెలిసిన విషయం చెప్తున్నట్టే చెప్పాను.

"కాలేదత్తా. నేను సూస్తనే ఉన్న. అంకె మెల్లగనే తగ్గింది."