మత్తుకు ముందు మూడు రోజులు

కిష్టవ్వ చేతిలో పోగు లెక్క తప్పిందని ఆ పద్మశాలి వాడలో ఎవరూ ఎన్నడూ అనలేదు. నూట ఇరవై పోగులైతే ఒక పుంజం. పక్కింట్లో కొట్లాట జరుగుతున్నా, పొయ్యి మీద అన్నం మాడుతున్నా, ఆమె పడుగు పోస్తుంటే ఆ నూట ఇరవై నూట ఇరవైగానే ఉండేవి. అయినా వాడంతా మెచ్చుకున్నది ఆమె మొగుడు సిద్దిరాములును. మెచ్చుకోక ఏం చేస్తారు, చీరకు జొన్నకంకి అంచు వేయడం ఆ చుట్టుపక్కల ఆయన ఒక్కడికే వచ్చు మరి.

ఆ అంచులో జొన్నకంకులు వరసగా నిలబడి ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తల వంచి ఉండేవి. నేయడం కష్టం కాదు, కిష్టవ్వ కూడా మగ్గం గుంటలోకి దిగి నేసేది. కష్టమంతా కట్టులో ఉంది. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించినప్పుడల్లా ఏ తాడు ఏ పోగును లేపాలో చూసుకుంటూ అంచు తాళ్లు మళ్లీ కట్టాలి. ఆ కట్టు ఆ ఇంటి మగవాళ్ల సొత్తు. కట్టేనాడు తలుపు మూసి ఆడవాళ్లను బయటికి పంపేవాళ్లు. ఆడపిల్లకు చెబితే అత్తగారింటికి మోసుకుపోతుందని సిద్దిరాములు తాత ఎప్పుడో పెట్టిన కట్టుబాటు అది.

"నేను మోసుకపోయేదాన్ని గాదు గదా, వచ్చినదాన్ని. నాకు జెప్తె ఏంది?" అని కిష్టవ్వ అడిగేది. ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఆమెకు పదమూడేళ్లు. పిల్లలు పుట్టలేదు. కట్టు అందుకోవడానికి కొడుకు లేడు. సిద్దిరాములు తమ్ముడు అంబదాస్ కట్టు నేర్వకముందే ఎన్నడో ఖానాపూర్ పోయి, మగ్గం మీద ముతక పంచెలు నేసుకుంటున్నాడు.

"చెప్తనే. దసరా పోనియ్యి," అనేవాడు సిద్దిరాములు. దసరాలు ఎన్ని పోయాయో కిష్టవ్వకు లెక్కుంది, ఎందుకంటే ఆమెకు లెక్క తప్పదు.

తప్పడం మొదలైంది ఆయనకే. అరవై రెండో ఏట, పోగులు అతుకుతూ అతుకుతూ ఆగి, ఎక్కడిదాకా వచ్చిందీ మరిచేవాడు. తిన్న అన్నం తినలేదనేవాడు. ఒకనాడు నూలు కండెలన్నీ చుట్టి పెట్టాక కండెలు చుట్టలేదని ఆమె మీద ఇంతెత్తున లేచాడు. కిష్టవ్వ ఎవరికీ చెప్పలేదు. లెక్క తప్పే సాలెవాడికి వాడలో మర్యాద ఉండదు. ఆయన బయటికి పోయినప్పుడు తప్పిన పోగులు విప్పి, సరిచేసి, ఏమీ ఎరగనట్టు రాట్నం ముందు కూర్చునేది. రెండేళ్లు అట్లా గడిపింది. మొగుడి పరువు ఆమె రెండు చేతుల్లో ఉందన్న సంగతి మొగుడికి తెలియదనుకుంది, పిచ్చిది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ ఆరో ఏడు ఎండాకాలంలో సిద్దిరాములుకు గజ్జల్లో పేగు జారింది. కాళ్లతో మగ్గం తొక్కీ తొక్కీ ఎప్పటినుంచో ఉన్న నొప్పే, ఈసారి కూర్చోనియ్యలేదు. కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయారు. తోడుకు అంబదాస్ ఖానాపూర్ నుంచి వచ్చాడు. మగవాళ్ల వార్డులో ఆడవాళ్లను ఉండనియ్యరు కాబట్టి లోపల తమ్ముడు, బయట వసారాలో గిన్నెలతో కిష్టవ్వ.

డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. ముసలివాళ్లకు ఈథరు ఇచ్చే ముందు మతి ఎట్లా ఉందో చూసుకోవడం ఆమెకు అలవాటు. సిద్దిరాములును కూర్చోబెట్టి, "నూరు నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టండి తాతగారూ," అంది. సాలెవాడిని లెక్క అడగడం! తొంభై ఏడు, తొంభై నాలుగు, తొంభై ఒకటి అంటూ ఆయన గడగడా దిగిపోయాడు. డాక్టరమ్మ ముచ్చటపడి, "మా కాంపౌండరు కూడా ఇంత బాగా చెప్పలేడు. మతికేం భయం లేదు," అని కాగితం మీద రాసుకుంది.

కిష్టవ్వ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. చెబితే మొగుడి పరువు పోతుంది, ఊరుకుంటే మనిషే పోతాడేమో. నలుగురు వింటుండగా నోరు విప్పింది.

"అమ్మా, లెక్క ఆయన చేతులకు అలవాటు. నిద్రల గూడ చెప్తడు. పొద్దుగాల ఏం తిన్నవో అడుగు."

డాక్టరమ్మ అడిగింది. సిద్దిరాములు తడుముకున్నాడు. ఏ నెల అంటే దసరా వస్తుందన్నాడు. బయట ఎండలు మండుతున్నాయి. తర్వాత పెండ్లాం వైపు చూసిన చూపు కిష్టవ్వ బతికినన్నాళ్లూ మరిచిపోలేదు.

డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి మంచిగానే చెప్పింది. "ఆపరేషన్ తప్పదు, పేగు మెలిపడితే ప్రాణానికే ముప్పు. కానీ ముందే మరుపు మొదలైన పెద్దవాళ్లకు మత్తు దిగాక మతి మునుపటిలా ఉండకపోవచ్చు. కొందరికి వారంలో సర్దుకుంటుంది, కొందరికి ఉన్నది కూడా జారిపోతుంది. ఈయనకు జారుతుందనే నా భయం. మూడు రోజులు టైముంది. ఎవరికి ఏం చెప్పుకోవాలో ఇప్పుడే చెప్పుకోండి."

ఆ మూడు రోజులు కిష్టవ్వ వసారాలో కూర్చుని పిలుపు కోసం చూసింది. గంజి తీసుకుపోయినప్పుడల్లా ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. నలుగురిలో పరువు తీసినందుకు కోపం వచ్చిందనుకుని సరిపెట్టుకుంది. మూడోనాడు పొద్దున మంచం తోసుకుపోతుంటే పక్కనే నడుస్తూ బతిమాలింది.

"ఇప్పుడన్న జెప్పు. గా కట్టు నీతోనే పోతదా?"

"నేనేమన్న సస్తున్ననా? వచ్చినంక చెప్త తియ్యి," అన్నాడు సిద్దిరాములు. అంబదాస్ తల వంచుకుని మంచం తోస్తున్నాడు.

పేగు బాగైంది. కుట్లు మానాయి. డాక్టరమ్మ భయపడ్డదీ జరిగింది. మొదటి వారం ఆయన దుప్పటి పోగులు లాగుతూ, గోడ మీద పడుగు ఆరేశారని కేకలు వేశాడు. రెండు నెలలకు కేకలు తగ్గాయి, మనిషి మాత్రం తిరిగి రాలేదు. ఒక్కోనాడు ఆమెను కిష్టవ్వ అనేవాడు, చాలా రోజులు అవ్వా అనేవాడు. ఎప్పుడో చనిపోయిన కన్నతల్లి అనుకునేవాడు. మగ్గం మీద పడుగు అయిపోయాక కొత్త పడుగు ఎక్కించి, అంచు తాళ్లు చేతికిస్తే, వాటిని మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

కిష్టవ్వ మత్తుమందును తిట్టింది, దేవుణ్ని తిట్టింది, మొగుణ్ని మాత్రం తిట్టలేదు. "చెప్దామనే అనుకున్నడు పాపం, మందు మింగింది," అని వాడలో అడిగినవాళ్లందరికీ చెప్పింది. అట్లా చెప్పడంలో ఆమెకు ఒక తృప్తి ఉండేది. ఆయన ఇద్దామనుకున్నాడు కదా. అది చాలనుకుని ఖాళీ అంచు చీరలు నేసుకుంటూ, ఆయనకు తినిపిస్తూ, కడుగుతూ ఏడాది గడిపింది.

మరుసటి ఎండాకాలంలో అంబదాస్ కూతురు పెండ్లి వచ్చింది. మొగుణ్ని పక్కింటివాళ్లకు అప్పజెప్పి కిష్టవ్వ ఒక్కతే ఖానాపూర్ పోయింది. అంబదాస్ భార్య కొమురవ్వ ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. చెంబు అందుకోబోయి కిష్టవ్వ ఆమె కొంగు పట్టుకుంది. అంచులో జొన్నకంకులు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. వేళ్ల మధ్య నలిపి చూసింది. గంజి బిరుసు ఇంకా విరగలేదు. చీర మగ్గం దిగి నెల కూడా కాలేదు.

"ఇది ఎవరు నేసిండ్రు?"

కొమురవ్వ మొగుడి వైపు చూసింది. అంబదాస్ ముందుకొచ్చాడు.

"నేనే నేసిన వదినె. దవాఖానల మూడు దినాలు అన్న పంచె పోగులు గుంజి ఒక్కొక్క ముడి చూపిచ్చిండు. డాక్టరమ్మ చెప్పుకోమన్నది గదా. నీకు మాత్రం తెల్వనియ్యద్దన్నడు. అన్న మాట ఎట్ల కాదంట?"

"నేను బయట్నే ఉంటిని," అంది కిష్టవ్వ. ఆ ముసలాయన మతి పోతుందని డాక్టరమ్మకు తెలిసిందంటే తను చెప్పబట్టే. తను సిగ్గు విడిచి ఆ మాట చెప్పబట్టే ఆ మూడు రోజులు వచ్చాయి. ఆ రోజులనే వాడుకుని తనకు మొండిచెయ్యి చూపించాడు. పెండ్లి భోజనం ముట్టకుండా తిరుగు బస్సెక్కింది.

దారి పొడుగునా అడగాల్సిన మాటలు కూడగట్టుకుంది. ఇంటికి వచ్చేసరికి సిద్దిరాములు గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే ముఖం వికసించింది.

"వచ్చినవా అవ్వా."

కిష్టవ్వ ఎదురుగా కూలబడింది. ఇంత కోపం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు. తీర్చుకుందామంటే ఆ మొగుడు అక్కడ లేడు. అయినా అడిగింది.

"కట్టు అంబదాసుకు జెప్పినవట?"

"చెప్పిన అవ్వా. ఒక్క ముడి గూడ మరువలే." ఆయన కళ్లలో ఏడాదిగా లేని తెలివి కనిపించింది.

"కిష్టవ్వకెందుకు చెప్పలే?"

సిద్దిరాములు అటూ ఇటూ చూసి, ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "లెక్కంత అదే చూస్తది అవ్వా. నేను తప్పిన పోగులన్ని అదే ఇప్పి కడ్తది, నాకు తెల్వదనుకుంటది. కట్టు గూడ దానికొస్తే గీ ఇంట్ల ఇగ నాకేం పని?"

చెప్పకూడనిది చెప్పానని ఆయనకు భయం వేసినట్టుంది, చెయ్యి చాపాడు.

"దానికి చెప్పనని ఒట్టెయ్యి అవ్వా."

వెయ్యనని లేచిపోదామనుకుంది. చెయ్యి చాచినవాడు చాచినట్టే ఉన్నాడు. ఆ చేతిలో చెయ్యేసి, కిష్టవ్వకు చెప్పనని కిష్టవ్వ ఒట్టు పెట్టింది.