కాగితం వెనక పక్క

ఈ ఉదయం ఏడుంపావుకు, తోటపల్లి గూడూరు వైపు సముద్రపు ఒడ్డు నుంచి తిరిగి వస్తుంటే, ఫోను మోగింది. మేము వెళ్ళిన బీచి ఎలా ఉందో, ఎన్ని నక్షత్రాలు ఇస్తామో చెప్పమంటోంది. ఎందుకు వెళ్ళారన్న ప్రశ్న కింద విహారం, ఫొటోలు, తిండి అని గళ్ళున్నాయి. మా ఆవిడ అస్థికలు సముద్రంలో కలిపి వస్తున్న నేను దేనిమీద వేలు పెట్టాలో తెలియక, తడి పంచెతో కారు సీటులో అటూ ఇటూ కదులుతూ కూర్చున్నాను.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఇలాంటివి మనిషి ఎదుట మనిషి నిలబడి అడిగేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ ఒడ్డున ఏమేం కట్టాలో తేల్చడానికి, వచ్చేవాళ్ళను అడిగి ఫారాలు నింపుకు రమ్మని మా ఆఫీసు ఇద్దరిని పంపింది. ఒకడిని నేను, రెండో మనిషి తర్వాత నాకు భార్య అయిన ఆమె. ఎండకు కళ్ళు చిట్లించుకొని, గాలికి ఎగిరే కాగితాలను మోచేత్తో అదిమిపెట్టుకొని తిరిగేవాళ్ళం. ఒకరోజు అల్లూరు నుంచి వచ్చిన ఒక అవ్వ, భర్త అస్థికలు కలిపి, తడిచీరతో ఇసుకలో నిలబడి ఉంది. ఫారంలో ఉన్నట్టే, షికారుకు వచ్చారా, దైవదర్శనానికా అని అడిగాను.

"షికారుకొచ్చినట్టుండానా నాయనా? మా ఆయన్ని వదిలిపెట్టను వచ్చినాను" అని నన్ను కసిరి, నా పక్కన ఫారాలు పట్టుకొని ఉన్న ఆమె వైపు తిరిగింది. "అమ్మీ, నువ్వన్నా రాసుకో. తడికోక మార్చుకోను ఇంత చాటు కట్టించమను. ఆడోళ్ళం యాడికి పోయేది?"

దానికి ఫారంలో గడి లేదు. ఆమె కాగితం తిప్పి వెనక రాసింది. అలా రాయకూడదేమో అన్నాను. "వెనక పక్క కూడా కాగితమే కదండీ" అని నవ్వింది. ఆ తర్వాత తడిబట్టలతో కనిపించిన ప్రతి ఆడమనిషినీ అడిగి, అలాగే వెనక రాస్తూ పోయింది.

చేతిరాత బాగుంటుందని నివేదిక శుద్ధప్రతి నాచేత రాయించారు. గళ్ళలో ఉన్నదంతా ఎక్కించాను, వెనక పక్కలు వదిలేశాను. ఎవరూ వదలమనలేదు. పై అధికారి ఇదేమిటని అడుగుతాడేమోనన్న పిరికితనం, అంతే. ఒడ్డున సిమెంటు బెంచీలు వచ్చాయి, ఉయ్యాలలు వచ్చాయి. పెళ్ళయ్యాక ఒకసారి ఆ బెంచీ మీదే కూర్చుని, అవ్వ అడిగిన చాటు ఏదండీ అంది. పైవాళ్ళు ఒప్పుకోలేదేమో అన్నాను. నమ్మింది. నిజం చెప్పాలని ఎన్నిసార్లో నోటిదాకా తెచ్చుకొని, కూరల సంగతో వాన సంగతో మాట్లాడి లేచిపోయేవాణ్ణి. చివరికి ఆస్పత్రిలో కూడా చెప్పలేదు.

ఈ ఉదయం స్నానాలయ్యాక మా ఆవిడ చెల్లెలు, రెండు కార్ల మధ్య, తన కూతురు తువ్వాలు అడ్డం పడితే చీర మార్చుకుంది. నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.

ఫోను మళ్ళీ మోగింది. నక్షత్రాలు ఇవ్వలేదు. ఇప్పుడు అందరి అభిప్రాయాలూ క్షణంలో పైవాళ్ళకు చేరతాయంటారు, చేరుతుండవచ్చు. ఆ ఒడ్డున తడిబట్టలతో నిలబడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీకేం కావాలని ఇప్పుడు ఎవరూ అడగరు.