ఇసుక మైదానంలో రెండు జిల్లాలు

ఆ ఆట నాకు మొదట మట్టి మరకల రూపంలో పరిచయమైంది. జెబెల్ అలీలో కొత్త రేవు కడుతున్న రోజులవి. మా కంపెనీ అమెరికా వాళ్ళది. నేను వాళ్ళ క్యాంపు లాండ్రీలో పనిచేసేవాణ్ణి. ఊళ్ళో మా ఇంట్లో తరతరాలుగా చేసిన పనీ అదే. కాశీకి పోయినా కర్మ తప్పదన్నట్టు, అప్పటిదాకా చూడని విమానమెక్కి, చూడని సముద్రం దాటి వచ్చినా నా చేతికి వచ్చింది మళ్ళీ ఊరి బట్టలే. కాకపోతే ఊరు మారింది, చాకిరేవు బదులు మిషను వచ్చింది.

చలికాలంలో ప్రతి శనివారం పొద్దున ఒక మూట విడిగా వచ్చేది. అన్నీ ఒకే రకం తెల్ల చొక్కాలు, వీపుల మీద అంకెలు. ప్యాంట్లకు మోకాళ్ళ దగ్గర, వెనకవైపు ఎర్రమట్టి పట్టేసి ఉండేది. ఎంత నానబెట్టినా వదిలేది కాదు. వాటిని తొడుక్కునేవాళ్ళు పిల్లలు కారు. సైటులో మా మీద కేకలు వేసే ఫోర్‌మన్లు, టై కట్టుకునే ఇంజినీర్లు. అంత పెద్దమనుషులు వారానికోసారి నేల మీద పడి దొర్లే పని ఏమిటో చూడాలనిపించింది.

శుక్రవారం మాకు సెలవు. మా గదిలో వాళ్ళంతా కంపెనీ బండెక్కి బర్ దుబాయ్ పోయేవాళ్ళు, బట్టల దుకాణాల ముందు తిరిగి, ఊరివాళ్ళు ఎవరైనా కనబడితే రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుకుని వచ్చేవాళ్ళు. నాకు బజారంటే మొదటి నుంచీ విసుగు. ఏమీ కొననివాడు బజారు తిరగడమంటే పెళ్ళికి పోయి పస్తుండి రావడమే. అందుకని ఒక శుక్రవారం సాయంత్రం ఒక్కణ్ణే అమెరికా వాళ్ళ క్యాంపు వెనకనున్న మైదానానికి నడిచాను.

మైదానమంటే గడ్డి ఉంటుందనుకోకండి. గ్రేడరు మిషనుతో ఇసుక చదును చేసి, ఎక్కడినుంచో ఎర్రమట్టి తెచ్చి పోసి, ట్యాంకరుతో నీళ్ళు చల్లారు. సున్నంతో గీతలు గీశారు. బంతి కొట్టేవాడి వెనక ఎత్తుగా ఇనుప జాలీ ఉంది. పరంజా పైపులు, చెక్కలు బిగించి రెండు వైపులా మెట్లు కట్టారు. కుడివైపు మెట్లు మా జట్టు వాళ్ళకు, ఎడమవైపువి పక్క కంపెనీల నుంచి ఆడడానికి వచ్చేవాళ్ళకు. నేను కుడివైపు చివరి చెక్క మీద కూర్చున్నాను. వాళ్ళ చొక్కాలు ఉతికేవాణ్ణి గనక అది మా జట్టే అని నాకు నేనే నిర్ణయించుకున్నాను.

ఆట నాలుగు వారాల్లో అర్థమైంది. ఒకడు విసురుతాడు, ఒకడు కొడతాడు. కొట్టినవాడు నేల మీద పరిచిన మూడు తెల్ల సంచులను వరసగా తాకుతూ చుట్టూ పరుగెత్తి, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. మధ్యలో దొరికిపోతే ఔటు. అందుకే ఆ దొర్లడం. మైదానం ఎవరిదో ఆ జట్టు ఎప్పుడూ రెండోసారి కొడుతుంది గనక చివరి అవకాశం మాదే. ఎంత వెనకబడినా ఇంకా ఒక మాట మిగిలి ఉందన్న ఆశ ఉండేది. ఆ ఆశ కోసమే వెళ్ళేవాణ్ణి.

చూడడానికి వచ్చేవాళ్ళు కుటుంబాలతో వచ్చేవాళ్ళు. ఐసు పెట్టెలు, మడత కుర్చీలు, ఎండకు ఎర్రబడ్డ పిల్లలు. చెడ్డవాళ్ళు కాదు. నన్ను చూస్తే తల ఊపేవాళ్ళు. కానీ నా చెక్క మీద ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. నన్ను ఎవరూ పొమ్మనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు. జట్టు గెలిస్తే వాళ్ళంతా ఒకరినొకరు కావలించుకునేవాళ్ళు. నేను చప్పట్లు కొట్టి, క్యాంపుకు వచ్చి స్నానం చేసేవాణ్ణి.

గదిలో ఎవరికైనా చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోయేది. చెప్పబోతే ఎగతాళి. నా మంచం పక్కనున్న తాపీమేస్త్రీ ఒకడు జగిత్యాల దిక్కువాడు. ఒకరోజు నేను పూసగుచ్చినట్టు చెప్పినదంతా విని, "అంటే కొట్టి, ఉరికి, మళ్ల మొదలున్న కాడికే అస్తడు. గంతేనా? గీ దానికి గంత ఎండల కూసుంటవా? పిచ్చి గిట్ల లేసిందా నీకు?" అన్నాడు. పట్టుబట్టి అతన్ని ఒకసారి తీసుకుపోయాను. మొదటి అరగంటకే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆ తర్వాత ఎవర్నీ పిలవలేదు. ఒంటరితనం రాత్రులే వస్తుందంటారు గానీ, నాకు జనం మధ్యలో, మా జట్టు గెలుస్తున్నప్పుడు వచ్చేది.

ఒక శుక్రవారం అల్ కుసైస్ వైపున్న ఒక కంపెనీ జట్టు వచ్చింది. ఆట మధ్యలో మావాడు కొట్టిన బంతి గీత దాటి పక్కకు ఎగిరి, సరిగ్గా నా మీదకే వచ్చింది. "ఓ అవ్వో!" అని అరిచి చేతులు అడ్డం పెట్టాను. భుజానికి తగిలి ఒళ్ళో పడింది. మా ఊళ్ళో ఎవరి బంతైనా మన దగ్గర పడితే వెంటనే తిరిగి విసరాలి. లేకపోతే తన్నులే. నేను లేచి, మర్యాదగా, శక్తికొద్దీ మైదానంలోకి విసిరేశాను.

మెట్ల మీదున్న వాళ్ళంతా ఒక్కసారి ఘొల్లున నవ్వారు. ఏం తప్పు చేశానో తెలియక నిలబడే ఉండిపోయాను. అప్పుడు ఇనుప జాలీ అవతల, ఎడమవైపున ఆగి ఉన్న బస్సు దగ్గరనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏందబ్బా, ఇచ్చేస్తివే! అది నీదేబ్బా! ఈళ్ల ఆటలో జనం మద్దెన పడిన బంతి ఎవురు పట్టుకుంటే వాళ్లదే!"

ఆ మైదానంలో ఆట గురించి నేను విన్న మొదటి తెలుగు మాట అది. భుజం నొప్పి మరిచిపోయి జాలీ చుట్టూ తిరిగి పరుగెత్తాను. బస్సు మెట్టు మీద నెరిసిన గడ్డంతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, డ్రైవరు.

"నువ్వు తెలుగోనివా భాయ్?" అన్నాను.

"కాదు, నీ అగచాట్లు చూసి ఇప్పుడే నేర్చుకున్నా. యా జిల్లా?"

"కరీంనగర్."

"నాది కడప. కూర్చో. చాయ్ తాగుతావా?"

అంతే, మా పరిచయం. దుబాయ్‌లో మేమంతా జిల్లాలమే. నిజామాబాద్ వచ్చాడు, నెల్లూరు లీవు మీద పోయాడు, అనుకునేవాళ్ళం. పేరు అడగడం అంత మంచి అలవాటు కాదు. చాలామందికి పాస్‌పోర్టులో ఒక పేరు, ఊళ్ళో ఒక పేరు ఉండేది. ఏ పేరు చెబితే ఏం తంటా వస్తుందోనని ఎవరి జాగ్రత్త వాళ్ళది. నేను ఆయన్ని కడప భాయ్ అన్నాను. ఆయన నన్ను కరీంనగర్ అన్నాడు. మాకు అది సరిపోయింది.

ఆయన ఆ ఆటను నాకంటే ముందునుంచీ చూస్తున్నాడు. జట్టును తీసుకురావడం, తిరిగి తీసుకుపోవడం ఆయన డ్యూటీ. మధ్యలో మూడు గంటలు ఏం చేయాలి? చూసి చూసి ఇష్టపడిపోయాడు. ప్రతిదానికీ తన పేరు పెట్టుకున్నాడు. సంచులు దిండ్లు. ముఖానికి జాలీ కట్టుకుని, కొట్టేవాడి వెనక కూర్చునేవాడు బుట్టమొగం. తీర్పు చెప్పేవాడు పంచాయితీ పెద్ద. "ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, తిట్టేదానికి ఏది ముందొస్తే అది" అనేవాడు. రెండో దిండు దగ్గర ఎవడైనా దొరికిపోతే రెండు భాషలూ వచ్చేవి.

మా మైదానంలో మూడు నాలుగు కంపెనీల జట్లు వంతులవారీగా ఆడేవి. కడప భాయ్ బస్సు నెలకోసారో, అదృష్టం బాగుంటే రెండుసార్లో వచ్చేది. మిగతా శుక్రవారాలు జరిగిన ఆటంతా ఆయనకు చెప్పడానికి దాచుకునేవాణ్ణి. ఎవడు ఎలా కొట్టాడో, ఎవడు ఎలా జారాడో, లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ మాటలు కూర్చుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ రెండు చలికాలాలూ నేను బతికింది ఆ బస్సు కోసమే. ఈ భూమ్మీద ఆ ఆట గురించి నాతో నా భాషలో మాట్లాడే మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ అవతలి జట్టు మనిషి.

అవతలి జట్టంటే మామూలుగా కాదు. ఆయన జట్టు గెలిస్తే దారంతా పాటలు పాడుతూ, ఆయన భుజం తడుతూ పోయేవాళ్ళట. ఓడితే అల్ కుసైస్ చేరేదాకా బస్సులో ఒక్క మాట ఉండేది కాదట. "నలభై మందిని తోలుకుంటా ఒక్కన్నే పోయినట్టుంటాదబ్బా" అన్నాడొకసారి. అందుకే ఆయనకు గెలవాలి. నాకేమో నా చొక్కాలు గెలవాలి. ఆయన బస్సు మెట్టు మీద, ఆయన చాయ్ తాగుతూ, ఆయన జట్టు ఓడిపోవాలని కోరుకునేవాణ్ణి. ఆట మధ్యలో అమెరికా వాళ్ళకు తిండి తెచ్చి ఇచ్చి పోయే మా క్యాంపు వంటవాడు చూసి, "ఏందే, పార్టీ మార్చినవా?" అని నవ్వేవాడు.

ఒకసారి పెద్ద గొడవే అయింది. మావాడు చివరి పరుగులో దుమ్ము లేపుకుంటూ జారాడు. పంచాయితీ పెద్ద ఔటన్నాడు. నేను కాదన్నాను.

"సబ్బునీళ్లు పడి నీ కండ్లు పోయినాయి" అన్నాడు కడప భాయ్.

నాకు ముక్కు మీద కోపం. "నీ జట్టు దొంగ జట్టు, భాయ్. నీ చాయ్ నువ్వే తాగు" అని గ్లాసు అక్కడే పెట్టి, లేచి వచ్చి నా పాత చెక్క మీద కూర్చున్నాను. బస్సు వెళ్ళేటప్పుడు హారన్ కొట్టాడు. నేను తల తిప్పలేదు. మళ్ళీ కొట్టాడు. గేటు దగ్గర ఆపి ఇంకోసారి కొట్టాడు. అమెరికా వాళ్ళు చెవులు మూసుకున్నారు. చివరికి చెయ్యెత్తాను, అప్పుడు కదిలాడు. తర్వాతసారి వచ్చినప్పుడు నేను బస్సు దగ్గరికి చేరేసరికే చాయ్ పోసి ఉంచాడు. ఆ ఔటు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

రెండో చలికాలం చివర్లో, అన్ని జట్లలోకీ పెద్ద జట్టేదో తేల్చే ఆట ఆయన జట్టుకూ మా జట్టుకూ పడింది. వారమంతా నాకు కాలు నిలవలేదు. శుక్రవారం బస్సు కనబడగానే మెట్లు దిగి ఎదురుపోయాను. తలుపు తెరుచుకుంది. డ్రైవర్ సీట్లో ఎవరో పఠాను కుర్రాడు.

"కడప కహాఁ హై?" అన్నాను.

"కౌన్ కడప? బుడ్ఢా? వో ఖలాస్. ముల్క్ గయా" అన్నాడు. పని ముగించుకుని దేశం పోయాడట, ఎందుకు పోయాడో అతనికి తెలియదు. పది రోజులైందన్నాడు. చెప్పి, స్టీరింగు మీద తల పెట్టి పడుకున్నాడు.

మరి కూర్చోవడం ఎక్కడో తెలియలేదు. నా పాత చెక్కకే పోయాను. ఆట గొప్పగా జరిగింది. అలాంటిది నేను మళ్ళీ చూడలేదు. చివరిదాకా వెనకబడి ఉండి, ఆఖరి అవకాశంలో మావాడు కొట్టిన బంతి మైదానం చివరి కంచె దాటి ఇసుకలో పడింది. నేను ఎగిరి లేచి, "చూసినవా భాయ్!" అని పక్కకు తిరిగాను.

అప్పుడే మెట్ల మీద సంబరం మొదలైంది. వరసగా అందరితో చేతులు కలుపుతూ వస్తున్న ఒక అమెరికా పెద్దావిడ నా చెక్క దాకా వచ్చి, నా చెయ్యి కూడా రెండు చేతులతో పట్టుకుని ఊపింది. ఏదో అంది. ఆమె వెనక వచ్చినవాళ్ళూ నా వీపు తట్టారు. ఏడాది కిందట అయితే ఆ చెయ్యి రెండు రోజులు కడుక్కునేవాణ్ణి కాదు. ఆ రోజు వాళ్ళెప్పుడు వదులుతారా అని చూశాను. నాకు ఏడుపొస్తోంది, అది గెలిచిన ఏడుపని వాళ్ళు అనుకున్నారు.

తర్వాతి శుక్రవారం బండి పట్టుకుని అల్ కుసైస్ పోయాను. వాళ్ళ క్యాంపు వెతికి, తెలుగువాళ్ళ గది ఏదని అడిగి లోపలికి వెళ్ళాను. మంచాల మీద కూర్చుని కూర తరుగుతున్నారు. కడప డ్రైవర్, పెద్దాయన, ఏమైపోయాడని అడిగాను.

"ఏ కడప? మా కంపెనీలనే కడపలు మస్తుమంది ఉన్నరు. పేరేంది?"

"పేరు తెల్వది."

"పేరు తెల్వకుంట దోస్తానెట్ల చేసినవయ్యా?" అని ఒకడు నవ్వాడు.

గుండె నొప్పి వచ్చి పంపేశారని ఒకరన్నారు. కాదు, ఆ కడప వేరే, ఈయన వీసా ఇచ్చిన అరబ్బు కఫీల్‌తో మాటామాటా అనుకుని పోయాడని ఇంకొకరన్నారు. సౌదీ పోయాడని మూడోవాడు ప్రమాణం చేశాడు. ఎవరి కడప గురించి వాళ్ళు చెప్పారు. అందులో నా కడప ఎవరో తేలలేదు. చాయ్ తాగి పొమ్మన్నారు, తాగలేకపోయాను.

ఆ ఎండాకాలం తర్వాత మా క్యాంపులో సగం ఖాళీ అయింది. మైదానంలో పైపులు పేర్చారు. ఇంకొన్నేళ్ళు అక్కడా ఇక్కడా చేసి నేనూ ఇంటికి వచ్చేశాను. ఆ ఆట గురించి ఇంట్లో ఒకటి రెండుసార్లు చెప్పబోయాను. మా ఆవిడ ఓపిగ్గా విని, అన్నం పెట్టింది.

చాలా ఏళ్ళ తర్వాత మేమిద్దరం తిరుపతి పోతుంటే రైలు కడపలో ఆగింది. నాకు తెలియకుండానే కిందికి దిగాను. ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, బెంచీల మీద నెరిసిన గడ్డాలు. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ నడిచాను. ఆ చివర నిలబడ్డ ఒక మనిషి వెనకనుంచి అచ్చం ఆయనలాగే ఉన్నాడు. పిలుద్దామని నోరు తెరిచాను. కడప స్టేషన్‌లో నిలబడి, కడప భాయ్ అని కేకేస్తే ఎవరు తిరిగి చూస్తారు? అతను తిరిగాడు. ఆయన కాదు.

కూత వేస్తుంటే పరుగెత్తి పెట్టె ఎక్కాను. మా ఆవిడ కిటికీలోంచి నన్నే చూస్తూ ఉంది.

"గట్ల దేవులాడుతున్నవేంది? ఎవలన్న తెలిసినోళ్లు ఉన్నరా ఈడ?" అని అడిగింది.

"ఉన్నడు" అన్నాను.