నాలుగు గోపురాల రాజభవనం

ఇప్పుడు చెప్పబోయే ఘనకార్యం తర్వాత మా ఇంట్లో నా మాట విలువ సగానికి పడిపోయింది. మిగిలిన సగం మా ఆవిడ దయ. దాచుకుందామన్నా వీల్లేదు. నలభై ఏళ్ళుగా రోజూ డైరీ రాసే మనిషిని, ఆనాటి పేజీ నాకంటే ముందు సాక్ష్యానికి నిలబడుతుంది.

నేను రిటైరైన ఏడాది, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ముంబై నుంచి కొచ్చి వెళ్ళే విహారనౌక ఎక్కుదామన్నాను. కొత్తపేట నుంచి కదలడానికి మా ఆవిడ సీతామహాలక్ష్మి ఒక్కటే షరతు పెట్టింది.

"నాకు సముద్రవంటే భయవండీ. అయినా వస్తాను. కొచ్చిలో రాజుగారి కోట గోడల నిండా రామాయణం బొమ్మలేసేరంట. అది చూపిస్తానంటేనే."

"చూపించడమేవిటి! నిమిషాలతో సహా రాసి మరీ చూపిస్తాను."

రాశాను. ఓడ ఎనిమిదికి రేవు చేరుతుంది, మూడింటికల్లా మళ్ళీ ఎక్కాలి. 8.40 ఆటో. 9.15 రాజభవనం. 11.05 మంచినీళ్ళు.

"దాహానికి కూడా ముహూర్తవేంటి బావగారూ?" అన్నాడు మాతో బయల్దేరిన మా బావమరిది రామం. చొక్కా గుండీలు కూడా ఏది చేతికి దొరికితే అది పెట్టుకునే రకం.

"ఓడంటే మన గోదారి పంటు కాదయ్యా, ఒడ్డు మీంచి కేకేస్తే వెనక్కి రావడానికి!" అని గదమాయించాను.

ఇంత రాసినవాణ్ణి ఒక్కటి రాయడం మరిచిపోయాను: ఆ కోట ఎలా ఉంటుందో. రాయడానికేముంది, కోటంటే నాలుగు గోపురాలు, ఏనుగు పట్టే గేటు. ఎక్కడ చూశానని అడక్కండి. ఎవరో పట్టిన కుందేలుకి మూడే కాళ్ళయితే, నేను చూడని కోటకి నాలుగు గోపురాలు!

సరిగ్గా 9.14కి ఆటో ఆగింది. "ప్యాలెస్, సార్" అన్నాడు డ్రైవరు. చూస్తే తెల్లగా సున్నం వేసిన గోడలు, పైన పెంకులు.

"ఇదా?" అన్నాను వచ్చీరాని హిందీలో. "మా ఊళ్ళో రైసుమిల్లు దీనికంటే దర్జాగా ఉంటుంది! ధాన్యం గోదాము చూపించి ప్యాలెస్ అంటావా? పోనియ్!"

"ఓసారి దిగి అడుగుదావండీ" అంది మా ఆవిడ.

"దిగితే ఏడు నిమిషాలు దండగ."

రామం మాత్రం ఎదురుగా ఉన్న టీకొట్టు చూసి దిగిపోయాడు. "మీరు కోట చూసి రండి బావగారూ. నేను ఓడ దగ్గరికి వచ్చేస్తాను."

"టీ ప్లానులో లేదు!"

"ఆయ్, అందుకే నేను దిగిపోయేనండి."

తర్వాత ఊరంతా తిరిగాం. డ్రైవరు రెండుసార్లు మళ్ళీ ఆ గోదాము ముందుకే తెచ్చాడు. చివరికి నేనే డైరీలో నాలుగు గోపురాలు, గేటు, ఒక ఏనుగు బొమ్మ గీసి చూపించాను. అతను బొమ్మ చూశాడు, నన్ను చూశాడు, ఒక దణ్ణం పెట్టి తిన్నగా తీసుకెళ్ళాడు.

అదీ కోట! లెక్కపెట్టాను, గోపురాలు నాలుగే. గేటుకి అటొక సిమెంటు ఏనుగు, ఇటొక సిమెంటు ఏనుగు. గుమ్మంలో ఎవరో మా మీద పన్నీరు చల్లారు. ఒకావిడ గంధం ఇచ్చింది. పెద్దాయనొకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అరిటాకు ముందు కూర్చోబెట్టారు.

"చూశావా, రాజవంశం మర్యాద!" అన్నాను పాయసం జుర్రుతూ.

"గోడల మీద రామాయణం ఏదండీ?"

"సున్నం వేయించేసి ఉంటారే."

"పూలదండలేసుకుని కూర్చున్న ఆ జంట ఎవరండీ?"

"యువరాజూ యువరాణీ అయ్యుంటారు. అలా తేరిపార చూడకు, బాగోదు."

మూడోసారి పాయసం పోయించుకుని, పది నిమిషాల ముందే ఓడెక్కి డైరీ రాశాను: "నేటికీ ఇక్కడి రాజవంశీకులు యాత్రికులకు భోజనం పెట్టుచున్నారు."

సిరా ఆరకముందే రామం కెమెరాతో వచ్చాడు. "అక్కా! టీ తాగుతుంటే ఆ గోదాములోకి జనం బారులు తీరి వెళ్తన్నారు. ఏవిటోనని నేనూ వెళ్ళేను. అదే ప్యాలెస్సంట! గోడల నిండా రామాయణవే. ఇదిగో, దశరథుడు."

ఓడ కూత వేసింది. రేవు నెమ్మదిగా వెనక్కి జరుగుతోంది.

మా ఆవిడ ఆ చిన్న తెర మీద పట్టాభిషేకం దాకా ఒక్కొక్క బొమ్మా చూసింది. నేను సముద్రం లోతు అంచనా వేస్తున్నాను. అప్పుడు తల ఎత్తి, "అయితే ఏవండీ, మనం ఎవరి పెళ్ళిలో తిన్నావండీ?" అంది. అని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలెట్టింది. సముద్రమంటే ఉన్న భయం కూడా ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది. డైరీలో కొట్టివేతలు చెయ్యను గనక ఆ రాజవంశీకులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

తిరిగొచ్చిన రోజు రావులపాలెంలో ఆటో ఎక్కాం. కొత్తపేట రైసుమిల్లు ముందుకి రాగానే మా ఆవిడ, "బాబూ, ఆపు, ఆపు!" అని కేకేసింది.

"ఏమైందే?"

"దిగండి. ప్యాలెస్ వచ్చింది."

దిగాను. దిగక చస్తానా! అక్కడి ఊకకుప్ప సాక్షిగా, ఇకమీదట ఆటో ఎక్కడ ఆగితే అక్కడ దిగి, లోపలికి వెళ్ళి గోడలన్నీ చూశాకే నోరు విప్పుతానని ప్రతిజ్ఞ చేశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ పుణ్యాన రెండు పశువుల ఆసుపత్రులు, ఒక ఐసు ఫ్యాక్టరీ క్షుణ్ణంగా చూశాను.